పాల ప్యాకెట్లతో పగడపు దిబ్బ

ఆస్ట్రేలియాలో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడిన కవలలు మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ 2005లో క్రోషే (కొక్కెం సూదితో అల్లే అల్లిక) పగడపు దిబ్బ అనే కళాప్రాజెక్టు మొదలుపెట్టారు. కొంత ఊలుతో, కొంత పారేసిన ప్లాస్టిక్‌తో, వీడియో టేపులతో. ఎన్నో దేశాల ఆడవాళ్లు అందులో చేతులు కలిపారు. 2019లో ఇటలీలోని పెద్ద కళాప్రదర్శన వెనిస్ బియెనాలేకీ వెళ్లింది. దాని వెనక ఉన్న లెక్క 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త డైనా టైమిన్యా అల్లి చూపించినది: ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ పోతే అల్లిక చదునుగా ఉండలేక మడతలు పడుతుంది. పగడాల్లో కనిపించేదీ అలాంటి ఒంపే.

మన దగ్గర దీనికి సరైన సరుకు పాల ప్యాకెట్టు. విశాఖలో ఇంట్లోంచి గెడ్డలోకి (వాగులోకి), గెడ్డలోంచి సముద్రంలోకి పోయేవాటిలో అదీ ఒకటి. పైనా కిందా అతుకులు కోసేసి, సబ్బునీళ్లతో కడిగి, తిరగేసి ఆరబెట్టాలి. లోపల కొవ్వు మిగిలితే వాసనా, చీమలూ తప్పవు. గొట్టంలా ఉన్న ప్యాకెట్టును అంచునుంచి ఏటవాలుగా, సెంటీమీటరున్నర వెడల్పున చుట్టూ కోసుకుంటూ పోతే తెగకుండా రెండు మూడు మీటర్ల దారం వస్తుంది. ఒక దారాన్ని ఇంకోదానికి కలిపేటప్పుడు కొసలు ముడేయకండి, ముడి సూదికి అడ్డుపడుతుంది. రెండు కొసల్లోనూ చిన్న చీలిక పెట్టి, కొత్త దారం కొసను పాతదాని చీలికలోంచి దూర్చి, కొత్త దారం రెండో చివరను దాని చీలికలోంచే తీసి లాగితే చాలు.

లేసు సూది పనికిరాదు, సన్నటి కొన ప్లాస్టిక్‌ని చీలుస్తుంది. 5 లేదా 6 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. 20 గొలుసు కుట్లు వేసి, పైన సింగిల్ క్రోషే (క్రోషేలో మామూలు పొట్టి కుట్టు). ప్రతి మూడో కుట్టులో రెండేసి అల్లాలి. ఎనిమిది వరసలకు కుట్లు దాదాపు పదిరెట్లవుతాయి, అంచు కుచ్చులు తిరుగుతుంది. ప్రతి పన్నెండో కుట్టులో పెంచితే చిన్న అల మాత్రమే లేస్తుంది. ప్రతి కుట్టులోనూ పెంచితే అయిదు వరసలకే 640 కుట్లు, చేతిలో బిగుసుకున్న ఉండ.

ఎక్కువమంది బిగించి అల్లి దెబ్బతింటారు. ఊలులా ప్లాస్టిక్ సాగదు, పై వరసలో సూది దూరదు, మణికట్టు నొప్పెడుతుంది. తీరంలో ఏరిన ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి అల్లుతుండగానే విరుగుతుంది. దాన్ని అల్లకుండా ముక్కలుగానే కట్టండి. త్వరగా శిథిలమయ్యే రకం సంచులు వాడితే కొన్నాళ్లకు పొలుసులుగా రాలి మళ్లీ నీళ్లలోనే చేరతాయి.

పర్యావరణవేత్త వందనా శివతో కలిసి 1993లో ఎకోఫెమినిజం (స్త్రీల మీదా ప్రకృతి మీదా సాగే దోపిడీని కలిపి చూసే ఆలోచన) మీద పుస్తకం రాసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్, అంతకుముందు మన నర్సాపురం లేసు పనివాళ్లనే అధ్యయనం చేసింది. విదేశాలకు ఎగుమతయ్యే లేసు అల్లుతున్నా వాళ్లను గృహిణులుగానే లెక్కగట్టారని, ఆ పని తీరికవేళ కాలక్షేపంగా చూడబట్టే కూలి అంత తక్కువని చూపించింది. పగడాలు అల్లించేవాళ్లు ఇది మరవకూడదు. కూలి ఇవ్వాలి. ప్రదర్శనలో ప్రతి ముక్క పక్కనా అల్లినామె పేరు, పట్టిన గంటలు రాసిన చీటీ ఉండాలి. వీలైతే ఎన్ని ప్యాకెట్లు పట్టాయో కూడా.

కోయగా మిగిలిన అతుకులూ, తునకలూ పారేయకండి. పగడం మొదలు బోలుగా ఉంటుంది కనుక అందులోనే కూరితే అది నిలబడుతుంది.