అరగని కళ్లు, తగ్గిన బరువు: పాత నాణేలు అమ్మబోయి

నిన్న సాయంత్రం డీలర్ దగ్గర్నుంచి వచ్చాను. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మామయ్య పోయాక ఆయన రేకు డబ్బాను అత్తయ్య నా చేతిలో పెట్టింది. అందులో పద్నాలుగు నాణేలు, ఒక్కోటి ఒక్కో పసుపురంగు కాగితప్పొట్లంలో ఉన్నాయి. పొట్లాలు పారేసి, నాణేలను తళతళలాడే ప్లాస్టిక్ ఆల్బంలోకి మార్చాను. శుభ్రంగా ఉంటాయి కదా అని!

ఏ నాణెం ఏమిటో తెలుసుకోవడం అనుకున్నంత కష్టం కాలేదు. వంటింటి త్రాసు పనికిరాదు, గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు కావాలి. బరువు, అడ్డకొలత, బొమ్మ, బొరుసు, కనిపించినన్ని అక్షరాలు రాసుకుని వెతికాను. రోమన్ చక్రవర్తుల నాణేలకైతే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఆన్‌లైన్ కేటలాగ్ ఉచితం. పన్నెండు చిన్న రాగి నాణేలు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలం చుట్టుపక్కలవని తేలింది. పదిహేడు వందల ఏళ్ల నాటివని ఎగిరి గంతేశాను. అవి అప్పట్లో కుప్పలు తెప్పలుగా అచ్చయ్యాయట, ఇప్పటికీ కుప్పలుగానే దొరుకుతున్నాయట. వయసును బట్టి ధర ఉండదు. అమ్మేవాళ్లు రాసుకునే ధరలూ నమ్మకండి, వేలంలో నిజంగా ఎంతకు పోయిందో అదే చూడండి.

మిగిలినవి రెండు. ఒకటి నల్లగా, దిక్కుమాలినట్టున్న వెండి బిళ్ల. రెండోది ఏథెన్స్ గుడ్లగూబ: ఒకవైపు ఎథీనా దేవత, మరోవైపు పెద్ద కళ్ల గుడ్లగూబ, పక్కన ఆలివ్ రెమ్మ. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దం నాటి నాలుగు డ్రాక్మాల (డ్రాక్మా అంటే అప్పటి గ్రీకుల వెండి నాణెం) నాణెం. దాని ఫొటో మా బావమరిదికి పంపాను, ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను, మఖమల్ డబ్బా కొన్నాను. బరువు 17.2 గ్రాముల దగ్గర ఉండాలి. నాది 14.6. ఇన్ని వేల ఏళ్లలో అరిగిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డీలర్ మఖమల్ డబ్బా తెరిచి, నాణేన్ని చూడకుండా ముందు నన్ను చూశాడు. తర్వాత త్రాసు మీద పెట్టాడు.

"రెండున్నర గ్రాములు తక్కువుంది సార్."

"అరిగింది కదండీ."

"గుడ్లగూబ కళ్లు ఇంత చక్కగా ఉన్నాయి. మరి అరిగింది ఎక్కడ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన నాణేన్ని నిలబెట్టి, భూతద్దం నా చేతికిచ్చి అంచు చూడమన్నాడు. చుట్టూ సన్నటి గీత, దాని మీద ఆకురాయితో గీకిన జాడ. రెండు సగాల మూసలో పోత పోస్తే అతుకు అక్కడ పడుతుందట. అసలు నాణేన్ని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొడతారు కాబట్టి అలాంటి గీత ఉండదు. బొమ్మ మీద సూదిమొనంత గుంటలు కూడా చూపించాడు, పోతలో చిక్కుకున్న గాలి బుడగల గుర్తులవి. పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న పెద్దాయన కూడా మెడ చాచి చూశాడు. ఆయన చూడకపోయినా బాగుండేది.

అక్కడితో అయిపోలేదు. దిక్కుమాలిన వెండి బిళ్లను వారం క్రితం టూత్‌పేస్ట్ పెట్టి బ్రష్‌తో తెల్లగా తోమేశాను. డీలర్ దాన్ని తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. రోమన్ చక్రవర్తి టైబీరియస్ దినారమట, అంటే అప్పటి రోమన్ల వెండి నాణెం, క్రీ.శ. 14-37 మధ్యది, బొరుసు వైపు కూర్చున్న స్త్రీ. బరువు 3.7 గ్రాములు, అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, అసలు సిసలుది. "ఎవరు కడిగారు?" అన్నాడు. పనిమనిషి అని చెప్పబోయి, నేనే అని ఒప్పుకున్నాను. వెలుగులో అటూ ఇటూ తిప్పితే చక్రవర్తి చెంప మీద వెంట్రుకల్లాంటి గీతలు మెరిశాయి. ఆ నలుపే దాని ఒంటి మీది నగ అట. పోయింది పోయినట్టే.

ఇక పొట్లాల సంగతి. "వాటి మీద ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారో రాసి ఉందా?" ఉంది. మామయ్య నీలి సిరాతో రాసిన వరసలు గుర్తున్నాయి, చదవలేదంతే. ప్రాచీన వస్తువుల దొంగరవాణాను ఆపడానికి 1970లో చేసుకున్న యునెస్కో ఒప్పందం తర్వాత ప్రాచీన వస్తువు ఎక్కడిదని అడగడం బాగా పెరిగిందట. కాగితం లేకపోతే మంచి వేలం సంస్థలు వెనక్కి తగ్గుతాయట. నా ఆల్బం వేళ్లకు జిగటగా తగులుతోంది, అలాంటి మెత్తటి ప్లాస్టిక్ రాగి మీద పచ్చటి జిగురు వదులుతుందని కూడా చెప్పాడు. అది నిన్న వినాల్సిన మాట కాదు, కొనేటప్పుడు వినాల్సింది. కొట్టువాడు మాత్రం 'నాణేల కోసమే' అని అమ్మాడు!

రాగివి పన్నెండూ ఒకే గుత్తగా ఇచ్చేశాను. దినారానికి ఆయన చెప్పిన ధర విని మళ్లీ జేబులో వేసుకున్నాను, ఈసారి కాగితంలో చుట్టి. గుడ్లగూబను మాత్రం ఆయనే అడిగాడు, కొత్తగా వచ్చేవాళ్లకు అతుకు గీత చూపించడానికి బాగుంటుందని. ఊరికే ఇచ్చేశాను, మఖమల్ డబ్బాతో సహా. వాల్‌పేపర్ మార్చేశాను. బావమరిది ఇప్పుడే మెసేజ్ పెట్టాడు: "గుడ్లగూబ ఎంతకు పోయింది?"