డ్రాగన్లు సరే, భయం ఏదీ?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే ఈమధ్య ఎటు చూసినా డ్రాగన్లూ కత్తులూ కిరీటాలూ ఉన్న అట్టలే. సంతోషమే, ఫాంటసీ అంటే పిల్లల వ్యవహారం అని తీసిపారేసేవాళ్లు తగ్గారు. కానీ కొత్తగా వస్తున్నవాటిలో చాలావాటితో నాకు ఒకటే పేచీ, మాయ మరీ చవగ్గా దొరికిపోతోంది.

రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ (2023) సంగతే చూడండి. మొదలు అదిరిపోయింది. ఎముకలు బలహీనం, కీళ్లు ఊరికే పట్టు తప్పుతాయి, అలాంటి వయొలెట్, డ్రాగన్లనెక్కి యుద్ధం చేసేవాళ్లని తయారుచేసే కాలేజీలో చేరాలంటే పట్టుకోడానికి ఏమీ లేని సన్నటి రాతిదారి మీద నడిచి అవతలికి చేరాలి, జారితే ప్రాణం పోయినట్టే. ఆ పేజీలు ఊపిరి బిగబట్టి చదివాను. తీరా చూస్తే ఒక్క డ్రాగన్ దొరకడమే గగనమైన చోట ఆమెకి రెండు! అక్కడితో నా టెన్షన్ కాస్తా పోయింది. మా అక్క కూతురు ఒప్పుకోదు, “పిన్నీ, లవ్ స్టోరీలా చదువు, భలే ఉంటుంది” అంటుంది. లవ్ స్టోరీ బాగానే ఉంది, కాదనను. విసుక్కుంటూ మాట్లాడే టైర్న్ అనే నల్ల డ్రాగన్ ఇంకా బాగుంది.

నాకు నచ్చింది టి. కింగ్‌ఫిషర్ ‘నెటిల్ అండ్ బోన్’ (2022). మరుసటి ఏడు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. అక్కని హింసించే యువరాజుని చంపాలని మారా అనే రాకుమారి బయల్దేరుతుంది, అందుకు సాయం దొరకాలంటే మూడు పనులు చెయ్యాలి: ముట్టుకుంటే దద్దుర్లు తేలే మొక్క నారతో పైవస్త్రం కుట్టాలి, ఎముకలతో కుక్కని చెయ్యాలి, వెన్నెలని మట్టి జాడీలో పట్టాలి. అచ్చం మన కాశీమజిలీ కథల దారి. చేతులు పుండ్లయ్యేదాకా కష్టపడి, ఎముకల్ని తీగతో కలిపి కడితే ఆ కుక్క లేచి తోక ఊపుతుంది, తను చచ్చిపోయిన సంగతి దానికి తెలియదు. ఆ పేజీ దగ్గర నాకు ఏడుపొచ్చింది.

సుసన్నా క్లార్క్ ‘పిరనేసి’ (2020) కూడా అలాంటిదే. అంతులేని గదులున్న ఒక ఇల్లు, విగ్రహాలు, కింది అంతస్తులో సముద్రం, పైన మేఘాలు. అక్కడుండే మనిషి ఆటుపోట్ల లెక్కలు రాసుకుంటాడు, ఎవరివో ఎముకలు కనిపిస్తే తిండీ నీళ్లూ కలువపూలూ తెచ్చి పెడతాడు. అంత అందమైన ఇల్లు అతని దగ్గర్నుంచి ఏం లాగేసుకుందో మీరే చదివి తెలుసుకోండి, నేను చెప్తే పాడైపోతుంది.

ఇక దయ్యాల విషయానికొస్తే, యండమూరి ‘తులసిదళం’ని మించి భయపెట్టింది ఈమధ్య నాకు తగల్లేదు. చిన్నపిల్ల మీద చేతబడి, ఒకపక్క డాక్టర్లు, ఒకపక్క మంత్రగాళ్లు, ఎవరిని నమ్మాలో తెలియక కన్నవాళ్లు నలిగిపోతుంటారు. ఇప్పటి పారానార్మల్ నవలల్లో దయ్యం అందంగా ఉంటుంది, హీరోయిన్‌ని ప్రేమిస్తుంది, ఇంక భయం ఎక్కణ్ణుంచి వస్తుంది? తెలుగులో కొత్తగా ఎవరైనా అలా ఒళ్లు జలదరించేలా రాస్తుంటే పేరు చెప్పండి, ఈ వారమే కాచిగూడ నవోదయ పుస్తకాల షాపులో అడుగుతాను.