మూకుడు ముద్ద: 23వ వారం లెక్కలు

దొరికింది! రెండు నెలలుగా లెక్కకి అందకుండా తిరుగుతున్న 500 కేలరీల్లో దాదాపు సగం దొరికింది. ఎక్కడో కాదు, మా పొయ్యి మీదే, కూర తీసేశాక మిగిలిన ఖాళీ మూకుడులో.

ముందు అంకెలు. బరువు తగ్గడానికి తిన్నదంతా రాయడం మొదలుపెట్టిన అక్టోబరు 6న 87.3 కిలోలు. 14వ వారం 79.2. 20వ వారం 78.9. ఈ వారం 79.5. మొదటిది తప్ప అన్నీ వారం సగటులే. నడక రోజుకి 8,000 అడుగులు దాటుతోంది, టీలో పంచదార మానేసి నాలుగు నెలలైంది, బెల్టు రెండు బెజ్జాలు లోపలికొచ్చింది. బాగున్న విషయాలు ఇంతే.

ఇక బాగోలేని విషయం. మొదటి 98 రోజుల్లో 8.1 కిలోలు తగ్గాను. కిలో బరువుకి 7,700 కేలరీల లెక్కన రోజుకి 636 కేలరీల లోటు. గూగుల్ షీట్‌లో రాసిన తిండి సగటు 1,700. అంటే నా లెక్కల ప్రకారం ఒంటి ఖర్చు 2,336. ఎనిమిది కిలోలు తేలికయ్యాను కాబట్టి ఇప్పుడు 2,200 అనుకుందాం. తర్వాతి 42 రోజుల్లో రాసిన సగటు 1,640. ఈ లోటుకి మూడు కిలోలు పోవాలి. పోయింది 300 గ్రాములు, అంటే రోజుకి 55 కేలరీల లోటు. మిగతా 500 ఏమైనట్టు?

నేను నూనె తక్కువ రాస్తున్నానని నాకు ముందు నుంచీ తెలుసు. రోజుకి మూడు టీస్పూన్లని కళ్ళు మూసుకుని రాసేవాణ్ణి, 120 కేలరీలు. కానీ మొదటి రోజు నుంచీ ఒకేలా తప్పు రాస్తుంటే లెక్కేమీ చెడదు, ఆ తప్పు కూడా 2,336లోనే కలిసిపోయి ఉంటుంది. కాబట్టి బరువు తగ్గడం ఆగిన 14వ వారం, అంటే సంక్రాంతి తర్వాత ఇంట్లో ఏం మారిందో వెతకాలి. ఇంత చిన్న సంగతి నా బుర్రకి తట్టడానికి ఆరు వారాలు పట్టింది.

ఈలోపు అనుమానించకూడని వాటినన్నిటినీ అనుమానించాను. మొదట కాటా. సీలు తీయని కిలో కందిపప్పు ప్యాకెట్ పెడితే కవరుతో కలిపి 1,012 చూపించింది, తప్పేమీ లేదు. తర్వాత అన్నం. పచ్చి బియ్యం 300 గ్రాములు కుక్కర్‌లో పెడితే అన్నం 858 అయింది. బియ్యాన్ని వంద గ్రాములకి 356 అని వేసుకుంటున్నాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో అంకె అది. అందులో కేలరీలకి బదులు కిలోజౌళ్ళు ఉంటాయి, 4.184తో భాగించుకోవాలి. మొదటి వారం ఆ సంగతి తెలియక 1,491 చూసి గుండె ఆగినంత పనైంది.

ఆరెన్నార్ బియ్యానికి మారమని ఆఫీసులో ముగ్గురు చెప్పారు. షుగర్ వాళ్ళకి మంచిదంటారు, రుచి కూడా బాగుంటుంది. కానీ కేలరీల్లో మా సాంబమసూరికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. బరువు తగ్గుతామని అది కొని, తేలిక బియ్యమే కదా అని ఇంకో గరిటెడు వడ్డించుకునేవాళ్ళని చూశాను.

నెయ్యి దగ్గర మాత్రం నిజంగానే ఒక తప్పు దొరికింది. చౌక కాటాల మీద పళ్ళెం పెట్టి, సున్నా నొక్కి, నెయ్యి సన్నగా వదిలితే అంకె కదలదు. గ్రాము, అరగ్రాము చొప్పున పడుతున్నదాన్ని అది ఊగిసలాట అనుకుని మళ్ళీ సున్నా చేసేసుకుంటుంది. నాలుగు గ్రాములు వేస్తే ఒకటి చూపించింది. ఇప్పుడు నేతి గిన్నెనే ముందోసారి, తర్వాతోసారి తూస్తున్నాను. తేడా రోజుకి 25 కేలరీలు. 500 ముందు అదెంత!

విసుగొచ్చి 21, 22 వారాల్లో రాయడం పూర్తిగా మానేశాను. "ఆ కాటా అవతల పడేయండి, కడుపు చెప్పినట్టు తినండి" అని మా ఆవిడ అంది. కడుపు చెప్పినట్టే తిన్నాను. 78.9 కాస్తా 79.7 అయింది. నా కడుపుకి లెక్కలు రావు. అయితే ఆ పదిహేను రోజులూ భోజనం దగ్గర ఫోన్ పట్టుకోలేదు, మావాడు బడి కబుర్లు చెబుతుంటే మధ్యలో "ఉండరా, కూర ఎక్కించుకోనీ" అనలేదు. అది మాత్రం హాయిగానే ఉంది. ఇంత తంటాలు పడి రాస్తూ ఉండాలా, మానేయాలా అని ఇప్పటికీ అనిపించడానికి కారణం ఆ హాయే.

మారినదేమిటో తట్టేలా చేసింది కూడా మా ఆవిడే. "నూనె ప్యాకెట్ ఆరు రోజులక్కూడా రావట్లేదండీ" అంది, మామూలుగా సరుకుల చీటీ రాస్తూ. సంక్రాంతికి కోనసీమ నుంచి అమ్మ వచ్చింది. పండగ అయ్యాక వెళ్తానంది, మేమే ఉంచేశాం. వంటగది అమ్మ చేతిలోకి వెళ్ళింది. మా ఆవిడకీ ఆఫీసుంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములు. ఇదివరకు ముగ్గురికి పది రోజులొచ్చేది, మనిషికి రోజుకి 30 గ్రాములు. ఇప్పుడు నలుగురికి ఆరు రోజులు, మనిషికి 38. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 2,000 కేలరీల పళ్ళెంలో నూనె వాటా 27. పెరిగింది 8 గ్రాములు, 72 కేలరీలు. మావాడు కూర ముట్టడు కాబట్టి నా వాటా ఇంకాస్త ఎక్కువే, వంద అనుకున్నా 400 తేలాలి. అమ్మ గానుగ వేరుశనగ నూనె తెప్పిస్తోంది, "ఇది తేలిగ్గా అరుగుతుందిరా" అంటుంది. వాసన అమోఘం, ఒప్పుకుంటాను. కానీ గానుగదైనా ప్యాకెట్‌దైనా గ్రాముకి 9 కేలరీలే.

సోమవారం గుత్తివంకాయ. ఇక్కడ దొరికింది అసలు దొంగ.

మూకుడు మా అమ్మమ్మ కాలం నాటి ఇనుప మూకుడు, కడిగి ఆరబెడితే 1,184 గ్రాములు. నూనె చెంబుని ముందూ వెనకా తూస్తే అమ్మ పోసింది 86 గ్రాములు. మొత్తం కూర 702. మధ్యాహ్నం నలుగురికీ వడ్డించింది 485 (నాది 165), రాత్రికి గిన్నెలోకి తీసింది 155. ఇంకా 62 గ్రాములు మూకుడుకే అంటుకుని ఉంది. నేను దాన్ని సింకులో వేయబోతుంటే అమ్మ లాక్కుని, గుప్పెడు వేడన్నం అందులో వేసి, అంచుల దాకా తిప్పితిప్పి కలిపి, ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. రెండు నెలలుగా దాదాపు రోజూ పెడుతోంది. చిన్నప్పటి నుంచీ పెడుతోంది. పళ్ళెంలో పడలేదు కాబట్టి అది తిండి అని కూడా నాకు తోచలేదు, షీట్‌లో దానికి వరసే లేదు.

అన్నం 90 గ్రాములు, 112 కేలరీలు. ముద్ద తీశాక మూకుడు 1,192. అంటే 54 గ్రాముల అడుగు మసాలా నా నోట్లోకి వెళ్ళింది. ఇందులో నూనె ఎంత? వారమంతా నన్ను ఏడిపించిన ప్రశ్న ఇదే.

కూరంతా సమానంగా కలిసి ఉందనుకుంటే 702కి 86 చొప్పున 54లో నూనె ఆరున్నర గ్రాములు, 60 కేలరీలు. కానీ గుత్తివంకాయలో నూనె సమానంగా ఎక్కడ ఉంటుంది? అంచుల్లోకి తేలి అక్కడే ఉంటుంది, గరిటెకి కాయలూ ముద్దా వస్తాయి. చివరికి మిగిలేది ఎక్కువగా నూనే అయితే 270 దాకా పోవచ్చు. 60కీ 270కీ మధ్య ఎక్కడని రాయాలి?

మంగళవారం మా ఆవిడ దయతలచి అదే కూర మళ్ళీ చేయించింది. అదే పాళ్ళు, నూనె 83. మూకుడు కింద ఒక పక్క గరిట కాడ పెట్టి పది నిమిషాలు వాల్చి ఉంచాను. దిగిన నూనెని చెంచాతో తీస్తే 19 గ్రాములు. మసాలాలో ఇంకింది ఇందులోకి రాదు కాబట్టి ఇది కనీసపు లెక్క. తర్వాత టిష్యూలతో తుడిచి తూచాను. అదో దండగ పని, టిష్యూ నూనెతో పాటు పులుసూ పీల్చేసింది.

బుధవారం కూరేదైనా మసాలా మాత్రం అదే పెట్టమన్నాను, దొండకాయలతో చేసింది. అట్లకాడతో గీకితే 43 గ్రాములే వచ్చింది. అన్నం మెతుకులు తుడిచినంత శుభ్రంగా ఏ అట్లకాడా తుడవలేదు, ఇది కొలిచి మరీ చెబుతున్నాను. ఆ 43నీ గాజు గ్లాసులో వేసి వేడినీళ్ళు పోస్తే నువ్వులూ వేరుశనగపప్పూ కలిసి పాలలా తెల్లబడి, నూనె విడిపోలేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. గడ్డ కడితే రేకులా తీసేద్దామని ఆశ. వేరుశనగ నూనె చిక్కబడి మబ్బు పట్టిందే గానీ గడ్డకట్టలేదు. గురువారం పొద్దున గ్లాసుని బయటపెట్టి, నిలకడ పడ్డాక మెడికల్ షాపులో కొన్న పది మిల్లీలీటర్ల సిరంజితో పైన తేరిన నూనెని మూడుసార్లుగా లాగాను. 21 మిల్లీలీటర్లు, అంటే 19 గ్రాములు. 43కి 19 అయితే 54కి 24. మూకుడు గోడకి మిగిలిపోయిన పొర ఎక్కువగా నూనే అయి ఉంటుంది కాబట్టి ఇదీ కాస్త తక్కువ లెక్కే అనుకుంటున్నాను.

ఈ భాగోతం నడుస్తుంటే అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ముద్ద పెడితే తినకుండా సూదులు గుచ్చుతున్నావేంట్రా దానికి?"

"నూనె ఎంతుందో చూస్తున్నానమ్మా."

"నన్నడిగితే చెప్పనా? చారెడు."

అమ్మ చారెడు మంచినూనెని విడిగా తూచాను. 22 గ్రాములు! సిరంజి, గ్లాసు, రెండు రోజులు, అన్నీ దండగ.

అయితే గుత్తివంకాయ ముద్ద ఒక్కటీ: నూనె 216, అన్నం 112, మిగిలిన మసాలా ఒక 60 అనుకుంటే 390 దాకా. బెండకాయ వేపుడు మూకుడుకి 18 గ్రాములే అంటుకుంది, పప్పు రోజు మూకుడే ఉండదు. వారం మొత్తం కలిపి ఏడుతో భాగిస్తే రోజుకి 240 వచ్చింది. పెరిగిన నూనె వంద, నేతి తప్పు 25. 500లో 365 తేలింది. మిగతా 135కి నా అనుమానం ఊరగాయ మీద తేరిన నూనె, సాయంత్రం అమ్మ డబ్బాలోంచి అటూ ఇటూ తిరుగుతూ నేను నోట్లో వేసుకునే జంతికలు. నిలబడి తిన్నది తిండి కాదనే జబ్బు నాకు చాలా పాతది.

1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, బరువు తగ్గలేకపోతున్నామన్నవాళ్ళు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ రాశారని తేలింది. వాళ్ళు అబద్ధాలాడారనే అనుకునేవాణ్ణి. నా తప్పు ఇప్పుడు 23 శాతం. వాళ్ళందరికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

మరి రాయడం కొనసాగించాలా? ప్రతి మెతుకూ రాయడం మాత్రం ఆపేస్తున్నాను. యాప్‌లో "కూర ఒక కప్పు" నొక్కడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఆ కప్పు ఎవరింటిదో, ఆ కూర ఎవరి అమ్మ చేసిందో దానికి తెలియదు. గూగుల్ షీట్ నయం, తప్పైనా నా తప్పే ఉంటుంది. పెరుగు ప్యాకెట్‌దే కాబట్టి దాని అంకెలు ఎలాగూ స్థిరం, రోజూ ఎక్కించనక్కర్లేదు. ఇకపై షీట్‌లో నాలుగే వరసలు: పొద్దుటి బరువు, పచ్చి బియ్యం తూకం, ముద్ద తిన్నానా లేదా, నూనె ప్యాకెట్ కత్తిరించిన తేదీ. చివరిదాన్ని ప్యాకెట్ మీదే మార్కర్‌తో రాసేస్తున్నాం. మా ఆవిడ ఇప్పటికే మొదలుపెట్టింది, ఈసారిది ఎనిమిది రోజులొచ్చేలా ఉంది.

గిన్నెల తూకాల చీటీ మాత్రం ఫ్రిజ్ మీద ఉంచుతున్నాను. మూకుడు 1,184, పప్పు గిన్నె 412, చిన్న బాణలి 655. ఎప్పుడు లెక్క తప్పినా గిన్నె ఖాళీ చేయకుండానే కూర తూకం తేలిపోతుంది. నాన్‌స్టిక్ కొందామని చూశాను, ప్రెస్టీజ్‌వి బాగానే ఉన్నాయి, కానీ అమ్మ దాంట్లో వండదు.

ముద్ద మానలేదు. మానతానని చెప్పే ధైర్యం లేదు, మానాలని కూడా లేదు. వారానికి రెండు, గుత్తివంకాయ రోజొకటి, నా ఇష్టం వచ్చిన రోజొకటి. మిగతా రోజులు మావాడికి. వాడు ఇన్నాళ్ళూ కూర వద్దనేవాడు, నిన్న మూకుడులో ముద్ద మాత్రం రెండోసారి అడిగాడు. వాడి బరువు గురించి నాకు బెంగ లేదు, ఇంకో నాలుగు కిలోలు పెరగాల్సినవాడే.

ఉగాదికి ఇంకా నాలుగు రోజులు. ఆ రోజు బొబ్బట్లు, కాటా తీయను. ఆ తర్వాత వారం పెనం సంగతి చూడాలి. అమ్మ అట్టు చుట్టూ నూనె తిప్పేటప్పుడు చెంబుని తూస్తే అట్టుకి 9 గ్రాములు వచ్చింది, కానీ పెనం మీద ఎంత మిగులుతోందో, ఎంత మాడి పొగైపోతోందో తెలియదు. పెనాన్ని వేడిగా ఉండగా కాటా మీద పెడితే కాటా పోతుంది. చల్లారనిస్తే అట్లు చల్లారిపోతాయని అమ్మ ఊరుకోదు. కింద చెక్క పీట వేసి చూస్తాను. పీట 730 గ్రాములు, తూచి ఉంచాను.