సిరొంచ బడిలో మేం చేసిన గాలిపెట్టె

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ బడి అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది, కొలిమికి గాలి ఊదడానికి మేం టేకు పలకలతో చేసిన గాలిపెట్టె.

ఎటపల్లి వైపు సూర్జాగఢ్ కొండల్లో మేలైన ఇనుపరాయి ఉందని మా అందరికీ తెలుసు. అలాంటి రాతి నుంచి పూర్వం మట్టికొలిమిలోనే ఇనుము తీసేవారని సైన్స్ సారు చెప్పగానే మనమూ తీద్దామని పట్టుబట్టాం. చెరువుమట్టిలో ఊక కలిపి కొలిమి కట్టడం తేలికే. కష్టమంతా గాలి దగ్గరే.

ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఈ కొలిమికి అంత అక్కరలేదు. 1200 డిగ్రీల ప్రాంతంలో రాతిలోని మలినాలు చిట్టెంగా కరిగి కిందికి జారతాయి. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. చివరికి మిగిలేది బెజ్జాల ఇనుపముద్ద. గాలి తగ్గితే చిట్టెం గడ్డకట్టి, కొలిమిలోకి గాలి పంపే గొట్టం మూతి పూడుకుపోతుంది. మితిమీరితే అప్పుడే తయారైన ఇనుము మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసి చిట్టెం పాలవుతుంది.

మా ఊరి కమ్మరి తాత తోలుతిత్తి నొక్కినప్పుడే ఊదేది, తెరిచినప్పుడు ఆగేది. ఒడిశా, ఛోటానాగపూర్ కొండల్లో ఇనుము తీసేవాళ్ళు ఈ ఎడం రాకుండా రెండు తిత్తులపై నిలబడి కాళ్ళు మార్చి మార్చి తొక్కేవారు. కాలు ఎత్తగానే, వంచి తాడు కట్టిన వెదురు తోలును పైకి లాగేది. ఎంత చక్కని ఏర్పాటో! సారు మాత్రం చైనా, జపాన్ కమ్మరులు వాడిన పెట్టెతిత్తిని ఎంచుకున్నారు.

ఆలపల్లి టేకు ముక్కలతో పొడవాటి పెట్టె, లోపల ముందుకూ వెనక్కూ జరిగే పలక. గాలి జారకుండా పలక అంచు చుట్టూ పాత గొంగడి పీలికలు బిగించాం. పాత చెప్పుల తోలుతో రెండు చివరలా లోపలికే తెరుచుకునే రెక్కలు పెట్టాం. పక్కనున్న కాలువలో మరో రెక్క గాలి వచ్చే వైపు తెరుచుకుని, రెండో వైపు మూసేది. లాగినా గాలే, తోసినా గాలే. గొట్టం మూతి దగ్గర అరచేయి పెడితే పలక దిశ మారేచోట మాత్రం చిన్న వెలితి తెలిసేది.

"బలం చూపించకండిరా, ఒకే తీరుగా ఊదండి" అనేవాడు తాత. పొద్దుటి నుంచి వంతులవారీగా ఊదాం. కొలిమి పైన నీలిమంట నిలకడగా ఉంటే చాలు, ఆయన మాట్లాడేవాడు కాదు. సాయంత్రం కొలిమి అడుగు పగలగొట్టి ముద్దను పట్టకారుతో తీసి దాకలి మీద మెల్లగా తట్టాడు. ఎర్రటి చిట్టెం చుట్టూ చిమ్మింది. చల్లారాక అయస్కాంతం దానికి గట్టిగా అతుక్కుంది.

ఖనిజం గురించి, ఉక్కు గురించి పుస్తకాలు ఎంతో చెబుతాయి. గంటల తరబడి తిత్తి తొక్కినవాళ్ళకు వాటిలో చోటు దొరకకపోవడం నాకు ఇప్పటికీ బాధే. బడిలోని పిల్లలు మళ్ళీ గాలిపెట్టె చేస్తామంటే కొలతలు రాసిన నోట్‌బుక్ నా దగ్గర ఉంది, పంపిస్తాను.