160 ఎకరాల పట్టా, ఒక సిపాయి దారి

మా అల్లుడి పూర్వీకుడొకాయన 1812 యుద్ధంలో, అంటే అమెరికాకీ బ్రిటన్‌కీ జరిగిన పోరులో, అమెరికా సిపాయి. ఆ కుటుంబం వర్జీనియా నుంచి పడమరగా ఇలినాయి దాకా ఎలా వెళ్లిందో చూద్దామని బయల్దేరాం. మొదటి మజిలీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్, అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు.

ఫొటో గుర్తింపు కార్డు చూపిస్తే అక్కడ రీసెర్చర్ కార్డు ఉచితంగా ఇస్తారు. బ్యాగులూ పెన్నులూ లాకర్‌లో పెట్టాలి, లోపల రాసుకోవడానికి పెన్సిలే. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు. దాచిన చోటు నుంచి ఫైళ్లు తెచ్చిచ్చే వేళలు ముందే కనుక్కుని వెళ్లండి.

చాలామంది బోల్తాపడేది ఒక్కచోటే. సిపాయి మిలీషియా (రాష్ట్రాల స్థానిక దళం) వాడా, రెగ్యులర్ ఆర్మీ (కేంద్ర ప్రభుత్వ సైన్యం) వాడా అన్నది ముందు తేల్చుకోవాలి. మిలీషియా వాళ్లకి ‘కంపైల్డ్ సర్వీస్ రికార్డు’ ఉంటుంది, అంటే హాజరు పట్టీల నుంచి ఎత్తి రాసిన కార్డులు ఒక కవర్లో. రెగ్యులర్లకి అది లేదు. అది కావాలని ఫారం పంపితే ‘దొరకలేదు’ అని జవాబొస్తుంది, జనం అక్కడితో వదిలేస్తారు. రెగ్యులర్లని వెతకాల్సింది ఎన్‌లిస్ట్‌మెంట్ రిజిస్టర్లలో, అంటే సైన్యంలో చేరినవాళ్ల పట్టికల్లో, ఎం233 నంబరు మైక్రోఫిల్మ్‌లో. మాకు కావలసిన మనిషి అందులోనే ఉన్నాడు. ఎత్తు, కళ్ల రంగు, వృత్తి, పుట్టిన చోటు, చేరిన తేదీ, అన్నీ ఒకే వరసలో.

రెగ్యులర్ కాబట్టి భూమి కూడా వచ్చింది. యుద్ధం ముగిసేదాకా కొలువు చేస్తే 160 ఎకరాలు. 1814 డిసెంబరులో, ఆ తర్వాత చేరేవాళ్లకి దాన్ని 320కి పెంచారు. ఇందుకోసం ఇలినాయి, మిసిసిపీ నదుల మధ్య 35 లక్షల ఎకరాలు కేటాయించారు. ఎవరికి ఏ ముక్క అన్నది లాటరీ. మిలీషియా వాళ్లు మాత్రం 1850, 1855 చట్టాలొచ్చేదాకా ఆగాల్సొచ్చింది. అయితే పట్టా దొరికింది కదా అని కుటుంబం అక్కడే కాపురం పెట్టిందనుకోకండి. చాలామంది తూర్పునే ఉండి వ్యాపారులకి అమ్ముకున్నారు, ఆ నేల మొహం కూడా చూడలేదు.

నిజమైన దారి చెప్పేది 1850 జనాభా లెక్కలు. అంతకుముందు ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. 1850 నుంచి ఇంట్లో (బానిసలు తప్ప) అందరి పేర్లూ, వయసులూ, పుట్టిన రాష్ట్రాలూ ఉంటాయి. ఈ ఇంట్లో పెద్దపిల్లలు వర్జీనియాలో పుట్టారు, నడిమివాళ్లు ఒహాయోలో, కడగొట్టువాడు ఇలినాయిలో. వాటి పక్కనే వయసులు కూడా పెట్టి చూస్తే ఏ ఏడు ఎక్కడున్నారో ఒకటి రెండేళ్ల తేడాతో తెలిసిపోతుంది.

వాళ్లు ఒహాయో వెళ్లేందుకు వీలున్న బాట నేషనల్ రోడ్. 1811లో మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దగ్గర పని మొదలై, 1818కి ఒహాయో నది ఒడ్డున వీలింగ్ చేరింది. గ్రాంట్స్‌విల్ దగ్గర 1813 నాటి క్యాసెల్‌మన్ వంతెన ఇప్పటికీ ఉంది. 80 అడుగుల ఒంటి రాతి కమాను. ఇప్పుడు కాలినడకకే. నడిమధ్య దాకా ఎక్కుడు, అక్కణ్ణుంచి దిగుడు. నిండు బండి లాగిన గుర్రాల పాట్లు ఎక్కి చూస్తేనే తెలుస్తాయి.

చివరి మజిలీ పట్టా భూమి ఉన్న ఇలినాయిలోని మెక్‌డొనో కౌంటీ (మన జిల్లా లాంటిది), కేంద్రం మాకోంబ్. రెండూ 1814 ప్లాట్స్‌బర్గ్ యుద్ధంలో గెలిచిన సేనానుల పేర్లే. పట్టా నకలు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (ప్రభుత్వ భూముల శాఖ) సైట్‌లో ఉచితం. అందులోని టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చదరం, 36 సెక్షన్లు. ఒకటో నంబరు ఈశాన్య మూల. అక్కణ్ణుంచి పడమరకి ఆరు దాకా, కింది వరసలో తిరిగి తూర్పుకి. ప్రతి వరసా ఎడమ నుంచి లెక్కపెడితే మైళ్ల దూరంలో వేరే పొలంలో తేలతారు. సెక్షన్‌లో పావు భాగమే ఆ 160 ఎకరాలు.

కౌంటీ దస్తావేజుల ఇండెక్స్ మన ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) లాంటిదే, అమ్మినవాళ్లకొకటి, కొన్నవాళ్లకొకటి. కాకపోతే ఈ కౌంటీ పుట్టింది 1826లో. అంతకుముందువి కావాలంటే షైలర్, పైక్ కౌంటీల్లో చూడాలి. పన్ను కట్టక వేలానికి పోయిన పావులు ఈ ప్రాంతంలో బోలెడు, మా సిపాయి పావూ అలాగే పోయింది. కుటుంబం ఆ తర్వాత క్విన్సీ ల్యాండ్ ఆఫీసులో (ప్రభుత్వ భూములు అమ్మే చోటు) ఎకరా 1.25 డాలర్ల చొప్పున వేరే 80 ఎకరాలు కొనుక్కుంది. ఇలాంటి నగదు కొనుగోలు ఫైళ్లలో రసీదు తప్ప పెద్దగా ఏమీ ఉండదు, డబ్బు కట్టి తెప్పించుకోనక్కర్లేదు.