సద్దాం పోయాడు కదా, ఇంకేం కావాలి?

మా అమ్మాయికి ఇరాక్ యుద్ధం చరిత్ర పాఠం. యుద్ధం మొదలైన నాలుగేళ్లకు పుట్టింది మరి. మాకు మాత్రం అది ఈ దేశంలో కాపురం పెట్టిన కొత్తలోని వార్త. 2002లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాం. ఇంకా పెట్టెలు పూర్తిగా విప్పనే లేదు, సెప్టెంబరు 24న బ్రిటన్ ప్రభుత్వం ఒక నివేదిక విడుదల చేసింది. సద్దాం హుస్సేన్ ఆదేశించిన 45 నిమిషాల్లో కొన్ని రసాయన, జీవ ఆయుధాలు ప్రయోగానికి సిద్ధమవుతాయని అందులో ఉంది. పత్రికలకు ఆ 45 చాలు, పతాక శీర్షికలు పెట్టేశాయి. ఆ మాట యుద్ధరంగంలో వాడే చిన్న ఆయుధాల గురించే తప్ప దూరాన పడే క్షిపణుల గురించి కాదని జనానికి తెలిసేసరికి యుద్ధం అయిపోయింది.

ఇప్పుడు ఆ నివేదిక మా భోజనాల బల్ల మీదికి వచ్చింది. అమ్మాయి ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) చరిత్రలో కోర్స్‌వర్క్ వ్యాసం రాస్తోంది. అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం, ఇరాక్ దగ్గర ఆయుధాలున్నాయని తాను చెప్పిన కారణాన్ని నమ్మి యుద్ధానికి వెళ్లిందా, లేక ముందే నిర్ణయించుకుని కారణం వెతుక్కుందా అన్నది విషయం. ఆ యుద్ధంలో బ్రిటన్ పాత్ర మీద తర్వాత జరిగిన అధికారిక విచారణ, చిల్‌కాట్ విచారణ. దాని నివేదిక పన్నెండు సంపుటాలు, దాదాపు 26 లక్షల మాటలు. దాని సారాంశమే 150 పేజీలు. ఆ 150 పేజీలూ ప్రింటు తీసి పసుపు రంగు పెన్నుతో గీతలు గీస్తూ కూర్చుంటుంది. ఆ కాగితాలు పక్కకు జరపనిదే ఇంట్లో ఎవరికీ కంచం పెట్టే చోటు దొరకదు.

చిన్నవాడికి పదమూడేళ్లు. వాడిని ఈ గొడవలోకి లాగింది 2003 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం తెచ్చిన రెండో నివేదిక. అందులో చాలా భాగం ఇబ్రహీం అల్ మరాషీ అనే పరిశోధక విద్యార్థి రాసిన వ్యాసం నుంచి ఎత్తిరాసింది. పేరు చెప్పలేదు, అనుమతి అడగలేదు, అచ్చుతప్పులు కూడా దిద్దలేదు. కేంబ్రిడ్జ్‌లో పాఠాలు చెప్పే గ్లెన్ రంగ్‌వాలా రెండూ పక్కపక్కన పెట్టి చూసి పట్టుకున్నాడు. ఉన్నదున్నట్టు ఎత్తినా కొంత నయం. ఇరాక్ గూఢచార సంస్థ శత్రుదేశాల్లోని ప్రతిపక్ష వర్గాలకు సాయం చేస్తోందని విద్యార్థి రాస్తే, నివేదికలో అది ఉగ్రవాద సంస్థలకు మద్దతు ఇవ్వడంగా మారింది. ఆ కాగితాన్నే ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ మెచ్చుకున్నాడు.

"మా స్కూల్లో అయితే సున్నా వేస్తారు" అన్నాడు చిన్నవాడు. వాళ్ల అక్క ఈ వ్యాసం అప్పగించేటప్పుడు ఇది పూర్తిగా నా సొంత రాత అని సంతకం పెట్టాలి. ఆ ఫారం తీసి తమ్ముడికి చూపించింది. వాడికి చిల్‌కాట్‌లో మరో ముచ్చట కూడా దొరికింది. ఇరాక్ విషవాయువులను గాజు గోళాల్లో నింపుతోందని ఒకడు చెప్పిన సమాచారం ఒక హాలీవుడ్ సినిమాలోని దృశ్యాన్ని పోలి ఉందని బ్రిటిష్ గూఢచారి సంస్థలోనే తర్వాత అనుమానం వచ్చిందట. వారం రోజులు ఇంటికి ఎవరు ఫోన్ చేసినా వాడు ఇదే చెప్పాడు.

మా తెలుగువాళ్లలో కొందరికి ఈ చర్చ నచ్చలేదు. ఉగాది సంబరాల్లో, కులాసా కబుర్ల మధ్య, ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "యుద్ధాలు, నిఘా సంస్థలు... ఆడపిల్లకు ఇంతకన్నా మంచి అంశం దొరకలేదా అమ్మా? మనం పొట్టకూటికి వచ్చినవాళ్లం, మనకెందుకు?" అన్నారు. ఆయన భయం నాకు తెలియనిది కాదు. ఆ రోజుల్లో చామనఛాయ మనిషి వీపున సంచీతో రైలెక్కితే ఎదుటివాళ్లు లేచి వేరే పెట్టెలోకి వెళ్లడం నేనే చూశాను. కానీ పొట్టకూటికి వచ్చింది మేము. ఇది పుట్టింది లెస్టర్ ఆసుపత్రిలో. నవంబరు వస్తే బడిలో అందరితోపాటు యుద్ధాల్లో పోయిన సైనికుల గుర్తుగా ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటుంది, ఇరాక్‌లో చనిపోయిన 179 మంది బ్రిటిష్ సైనికులను తలుచుకుంటుంది. పువ్వు పెట్టుకునే హక్కు ఉన్నప్పుడు వాళ్లను ఎందుకు పంపారని అడిగే హక్కు లేకుండా పోతుందా? ఇరాకీల్లో 2009 నాటికే కనీసం లక్షా యాభై వేల మంది పోయారని, వాళ్లలో అత్యధికులు మామూలు జనమని అదే చిల్‌కాట్ చెప్పింది. వాళ్లకు మా ఊళ్లో ఏ పువ్వూ లేదు.

ఆయన మనకెందుకు అన్నది ఇంకో లెక్కన కూడా సరికాదు. ఇక్కడ నివాసం ఉండే కామన్‌వెల్త్ పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. భారత పాస్‌పోర్టు మీద ఉన్నప్పుడే మేమిద్దరం ఓటేశాం. 2004 జులై 15న మా లెస్టర్ సౌత్‌లో ఉపఎన్నిక జరిగింది. నిఘా సమాచారం ఎలా చెడిందో చెప్పే బట్లర్ నివేదిక సరిగ్గా ముందురోజే వచ్చింది. యుద్ధాన్ని వ్యతిరేకించిన లిబరల్ డెమొక్రాట్ల అభ్యర్థి పరమ్‌జీత్ సింగ్ గిల్ బ్లెయిర్ పార్టీ అయిన లేబర్ సీటును ఎగరేసుకుపోయాడు. నా ఓటు అతనికే. పది నెలలు తిరక్కుండానే సాధారణ ఎన్నికల్లో ఆ సీటు మళ్లీ లేబర్‌కు వెళ్లింది. అప్పుడు లేబర్‌కు వేసినవాళ్లలో మా ఆయన ఒకరు.

"ఆయుధాలు లేవని అప్పటికే తేలిపోయింది కదా, ఎలా వేశావు నాన్నా?" అని అమ్మాయి నిలదీసింది. ఆయనేమీ తడబడలేదు. ఆసుపత్రులకు డబ్బు ఎవరు ఇస్తారో చూశాను, వేశాను అన్నారు. కూతురికి అది చాలా చప్పగా అనిపించింది. నాకు మాత్రం, బ్లెయిర్ మూడోసారి ఎలా గెలిచాడన్న ప్రశ్నకు చరిత్రకారుల కన్నా ఆయనే సూటిగా జవాబు చెప్పారనిపించింది.

నిజానికి ఆయుధాలు దొరకకపోవడం కన్నా దొరకలేదని తేలాక జరిగిన వాదనే ఈ పిల్లను ఎక్కువ పట్టుకుంది. ఫ్రిజ్ తలుపు మీద పొడుగాటి కాగితం అంటించి తేదీలు రాసుకుంది. 2002 జులై 28: బుష్‌కు బ్లెయిర్ ఉత్తరం, ఏమైనా సరే నేను మీతో ఉంటానని. 45 నిమిషాల నివేదిక వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకు. ముహూర్తం పెట్టుకున్నాక జాతకాలు చూసినట్టు. 2003 ఫిబ్రవరి 25: ఇప్పటికైనా ఐరాస మాట వింటే సద్దాం తన పాలన నిలబెట్టుకోవచ్చని పార్లమెంటులో బ్లెయిర్. 2004 సెప్టెంబరు, మళ్లీ బ్లెయిరే: తప్పుగా తేలిన సమాచారానికి క్షమాపణ చెప్పగలను, సద్దాంను తొలగించినందుకు చెప్పలేను. 2009 డిసెంబరు: ఆయుధాలు లేవని తెలిసినా అతన్ని తొలగించడం సరైనదే అనుకునేవాణ్ణి, కాకపోతే వేరే వాదనలు వాడాల్సి వచ్చేది.

ఆ చివరి దాని కింద రెండు గీతలు ఉన్నాయి.

అప్పట్లో ఎవరికీ తెలియదు, అందరూ మోసపోయారు అనే మాటకు ఆమె దగ్గర రాబిన్ కుక్ ఉన్నాడు. మాజీ విదేశాంగ మంత్రి. 2003 మార్చి 17న మంత్రివర్గం నుంచి తప్పుకుంటూ, మామూలుగా మనం అనుకునే అర్థంలో ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంస ఆయుధాలు బహుశా లేవని సభలోనే చెప్పాడు. మర్నాడు ఓటింగు జరిగితే యుద్ధానికి 412, వ్యతిరేకంగా 149.

ఫ్రిజ్ మీది కాగితానికి నా వల్ల ఒక అనుబంధం కూడా చేరింది. వేసవిలో స్నేహితురాళ్లతో కార్న్‌వాల్ వెళ్తానంటే పరీక్షలున్నాయి అన్నాను. పరీక్షలు అయిపోయాయి. అంత దూరం పెద్దవాళ్లు లేకుండానా అన్నాను. ఒకమ్మాయి వాళ్ల అమ్మ వస్తానంది. ఖర్చు అన్నాను. మూడు కారణాలూ తేదీలతో సహా బ్లెయిర్ పక్కన ఎక్కాయి. అయినా పంపలేదు. పంపను కూడా.

అసలు పరీక్ష కోనసీమ నుంచి వచ్చింది. మా పెదనాన్నగారి అబ్బాయి, పిల్లలకు మావయ్య, 1990లో కువైట్‌లో డ్రైవరు. ఆగస్టులో సద్దాం సైన్యం వచ్చి పడితే కట్టుబట్టలతో బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, ఎడారి గుడారాల్లో రోజులు గడిపి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి దిగాడు. రెండేళ్ల జీతం అక్కడే పోయింది. ఐరాస పరిహారం ఎప్పటికో వచ్చింది. సద్దాం పేరెత్తితే ఇప్పటికీ ముఖం ఎర్రబడుతుంది.

వీడియో కాల్‌లో మేనకోడలి వ్యాసం సంగతి విని నవ్వాడు. "ఏ సాకు చెప్తే ఏమిటే అమ్మా, సద్దాం పోయాడు కదా, ఇంకేం కావాలి?"

దీని తెలుగు అంత దూరం రాదు, మధ్యలో నేను అందించాలి. మొదట ఆయనకు జరిగిందంతా అడిగి తెలుసుకుంది, ఏ బస్సు, ఎన్ని రోజులు, నీళ్లు ఎవరిచ్చారు అని. తర్వాత ఫిబ్రవరి 25 మాట చెప్పింది. "మావయ్యా, వాళ్లు సద్దాంను దించడానికి వెళ్తున్నామని అడగలేదు. ఉండనిస్తాం, ఆయుధాలు ఇచ్చేయమన్నారు. సద్దాం చెడ్డవాడు కాబట్టి వెళ్దామని అడిగి ఉంటే 412 మంది సరే అనేవాళ్లా? ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు."

"మీ పార్లమెంటు గోల నాకెందుకే. ఆ రోజుల్లో నేను మళ్లీ కువైట్‌లోనే ఉన్నాను తెలుసా? గ్యాసు వదులుతాడని కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ కాగితం పెట్టి టేపు వేసుకున్నాం. సైరన్ మోగితే ఆరుగురం ఒక్క గదిలో."

"గ్యాసు వచ్చిందా?"

"రాలేదు. క్షిపణి పడింది."

"అందులో గ్యాసు ఉందా?"

"లేదనుకో. ఉంటుందని చెప్పారు కదా మరి!"

"ఎవరు చెప్పారు?"

మావయ్య నావైపు చూసి, పిల్లకు లా చదివించండి అన్నాడు. ఒప్పుకున్నట్టు కాదు. సద్దాం విషయంలో ఆయన అంగుళం కదల్లేదు, కదలాలని నేను అనుకోవడమూ లేదు. గుడారంలో పడుకున్న మనిషికి లండన్ ఓట్ల లెక్క ఏం ఓదార్పు? కానీ ఆ రాత్రి ఫ్రిజ్ కాగితం మీద కొత్త గీత పడింది. 2003 మార్చి, కువైట్, ఆరుగురు, ఒక గది, టేపు.

డిసెంబరులో మావయ్య కూతురి పెళ్లికి వెళ్తున్నాం. కువైట్ నాటి కాగితాల ట్రంకుపెట్టె తెరిచి చూపిస్తానని ఆయన మాటిచ్చాడు. ఈవిడేమో ఆ 150 పేజీలూ పట్టుకొచ్చి వాక్యం వాక్యం చదివి వినిపిస్తానంది. తెలుగులోకి చెప్పాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పెళ్లింట్లో నన్ను ఎవరూ వంటకు పిలవరు, అదొక్కటే లాభం.