మేనియా రోగికి రాత్రి రాత్రిలా ఉండాలి

మనసు ఒకప్పుడు పట్టరాని ఉద్రేకానికీ మరొకప్పుడు దిగులుకూ ఊగే బైపోలార్ జబ్బున్నవారిలో, ఆ ఉద్రేక దశ అయిన మేనియా తలెత్తబోతున్నప్పుడు తేడా చాలాసార్లు మొదట నిద్రలోనే కనిపిస్తుంది. నిద్ర పట్టక నలిగిపోవడం వేరు, నిద్రే అక్కర్లేదనిపించడం వేరు. తెల్లవారుజామున మూడింటికే లేచి, మిద్దె మీది నీళ్ల తొట్టి కడిగి, పాత లెక్కల పుస్తకాలన్నీ నడింట్లో పరుచుకొని కూర్చున్న మా తమ్ముణ్ణి "కొంచెంసేపన్నా పండుకోలేదా నాయనా?" అని అమ్మ అడిగితే, "నాకు అలుపే లేదమ్మా, నువ్వు పోయి పండుకో" అన్నాడు. అలుపు తెలియకపోవడాన్నే గమనించమని వైద్యుడు మాకు పదేపదే చెప్పారు.

నిద్ర తగ్గడం జబ్బుకు గుర్తు మాత్రమే కాదు, జబ్బును ఎగదోసేది కూడా. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన థామస్ వెర్, ఆయన సహచరులు 1987లోనే ఈ మాట అన్నారు. ప్రయాణం, ప్రసవం, ఆప్తుల మరణం, ఏ కారణమైనా ముందు నిద్రను చెడగొడుతుంది. చెడిన నిద్ర మేనియాను పెంచుతుంది, పెరిగిన మేనియా ఉన్న కాస్త నిద్రనూ పోగొడుతుంది. రాత్రిని సరిచేసి దీన్ని ఆపవచ్చునా అన్న ఆలోచనతోనే చీకటి చికిత్సను పరీక్షించారు.

2005లో ప్రచురితమైన మిలాన్ వైద్యుల పరిశోధనలో, మేనియాతో ఆసుపత్రిలో చేరిన 16 మందిని, మామూలు మందులు ఇస్తూనే, వరుసగా 3 రోజులు సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా చీకట్లో ఉంచారు. మందులు మాత్రమే వాడినవారి కన్నా వీరి ఉద్రేకం తొందరగా తగ్గింది. అయితే మేనియా మొదలైన రెండు వారాల లోపు చికిత్స అందినవారిలోనే ఆ మేలు కనిపించింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ గడువే, ఎందుకంటే మా వైపు ఎన్నో కుటుంబాలు ఆ రెండు వారాలనూ గాలి సోకిందనుకుని తాయెత్తులు కట్టించడంలోనే గడిపేస్తాయి.

పద్నాలుగు గంటలు చీకట్లో ఉండటం ఎవరికైనా కష్టమే. అయితే పగలో రాత్రో మెదడుకు తెలిపే కణాలు కొన్ని కంటిలో ఉన్నాయి. అవి ముఖ్యంగా 480 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలి వెలుతురుకు స్పందిస్తాయి కనుక, ఆ నీలాన్ని ఆపే నారింజ రంగు కళ్ళద్దాలు పెట్టుకుంటే ఇంట్లో దీపం వెలుగుతున్నా మెదడుకు చీకటి పడినట్టే ఉంటుంది. 2016లో వెలువడిన నార్వే పరిశోధనలో ఇవే గంటల్లో 7 రోజులపాటు ఈ అద్దాలు పెట్టుకున్న 12 మందిలో, రంగులేని అద్దాలు పెట్టుకున్న 11 మందితో పోలిస్తే, మేనియా ఎంతో ఎక్కువగా తగ్గింది. ఇంత కొద్దిమందితో చేసిన పరిశోధనతో అంతా తేలిపోదు. పైగా కంప్యూటర్ కోసమని అంగళ్లలో అమ్మే తెల్లని బ్లూ కట్ అద్దాలు ఆపే నీలం చాలా తక్కువ, అవి ఈ పనికి రావు.

వైద్యుడితోనూ తమ్ముడితోనూ మాట్లాడుకుని మేము ఇంట్లో కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. అనంతపురం ఎండలకు మిద్దె మీద పండుకోవడం అందరికీ అలవాటే గానీ, వీధి ఎల్‌ఈడీ దీపం నేరుగా మొహాన పడుతుంది కనుక తమ్ముడి పడక లోపలి గదికి మారింది, కిటికీకి మందపాటి దుప్పటి కట్టాం. శివరాత్రి జాగారం, బెంగళూరు రాత్రి బస్సు మానుకున్నాం. రాత్రి ముహూర్తం పెళ్ళిళ్ళకు ముందే పోయి, దీవించి, భోజనం చేసి వచ్చేస్తాం. చుట్టాలు మొదట నొచ్చుకున్నారు, ఇప్పుడు అడగడం లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. చీకటి చికిత్స పేరుతో మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేయడం క్రూరత్వం. ఆ తలుపు లోపలివారు తీసుకోగలిగేలా ఉండాలి, వారు ఒప్పుకున్నంతవరకే ఇది సాగాలి. మందులు ఆపకూడదు. మనసు దిగులువైపు జారుతున్నట్టు అనిపిస్తే అద్దాలు, చీకటి గంటలు తగ్గించాలా అని వెంటనే వైద్యుణ్ణి అడగాలి. వరుసగా రెండు రాత్రులు నిద్ర సగానికి తగ్గి, పగలు అలుపు కనిపించకపోతే, మేము మూడో రాత్రి దాకా చూడకుండా వైద్యుడికి ఫోన్ చేస్తాం. వైద్యుడు దగ్గర లేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.